ఒంటాకు పువ్వు

బస్సు ఆగకూడని చోట ఆగింది.

అనంతగిరి ఘాటులో మూడో మలుపు అది. ఒకవైపు కొండరాయి, ఇంకోవైపు లోయ. సోమవారం సాయంత్రం నాలుగున్నర. తొలకరి పడి వారం దాటింది. తాండూరు నుంచి వికారాబాద్ పోతున్న పల్లెవెలుగులో నలభై మంది ఒక్కసారిగా ముందుకు తూలారు.

"ఏమైందన్నా?" కండక్టర్ శ్రీహరి టికెట్ల మిషన్ పట్టుకుని ముందుకు వచ్చాడు.

"గొర్లు" అన్నాడు మల్లేశ్వర్.

గొర్రెలు అడ్డం వచ్చిన మాట నిజమే. కానీ మంద రోడ్డు దాటిపోయి అరనిమిషమైంది. మల్లేశ్వర్ చూపు మంద మీద లేదు. వెనకబడిపోయి రోడ్డు అంచున నిలబడ్డ ఒక గొర్రెపిల్ల మూతి మీద ఉంది. ఆ మూతిలోంచి సన్నటి కాడ వేలాడుతోంది. కాడ చివర రెండు పువ్వులు. గోధుమ రంగు కలిసిన ఆకుపచ్చ రేకులు, నడుమ ఊదా రంగు నాలుక.

ముప్పై ఏళ్ల సర్వీసులో ఈ రోడ్డు మీద ఆయనకు పేరు తెలియని పువ్వు లేదు. ఇది తెలియదు.

"ఏంది మల్లేశా, గొర్రెపిల్లకు టికెట్ కొట్టిస్తవా?" మూడో సీట్లోంచి బుగ్గమ్మ అరిచింది. ఆమె రోజూ ధారూరులో ఎక్కి కూరగాయల గంపతో వికారాబాద్ పోతుంది. "నా తోటకూర వాడిపోతున్నది. జర నడుపు నాయనా!"

బస్సు నవ్వింది. మల్లేశ్వర్ నవ్వలేదు. కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశాడు.

"బీరప్పా! గా పిల్ల నోట్ల ఏందది?"

మంద కాపరి బీరప్ప వెనక్కి తిరిగాడు. డెబ్బై దాటిన మనిషి. భుజం మీద గొంగడి.

"ఏముంటది? మొండిపువ్వు. వాన పడంగనే మన్నులకెల్లి లేస్తది. కొమ్మ ఉండదు, ఆకు ఉండదు. ఉత్త పువ్వే."

"ఏడ దొరికింది?"

"పాత బంగ్లా ఎన్క, ఏనుగుబండ కింద."

మల్లేశ్వర్ కాలు క్లచ్ మీది నుంచి జారింది. ఇంజన్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

ఏనుగుబండ కింద ఆయనకు తెలిసి చెప్పుకోదగ్గ మొక్క ఒకటే ఉంది. దానికి పువ్వే రాదని ఇదే బీరప్ప మూడేళ్లుగా చెబుతున్నాడు.

*

నాగరాణి కండక్టర్‌గా ఆయన బస్సులోకి వచ్చింది ఏడేళ్ల కిందట. భర్త అదే డిపోలో డ్రైవర్‌గా ఉండి గుండెపోటుతో పోతే ఆమెకు ఆ ఉద్యోగం ఇచ్చారు. మొదటి ఏడాది ఇద్దరి మధ్యా "రైట్", "హోల్డాన్" తప్ప మాటల్లేవు. డిపోలో అందరూ అందరినీ అన్నా అనే పిలుచుకుంటారు. ఆమె మాత్రం మల్లేశ్వర్‌ను సాబ్ అనేది. ఎందుకని ఆయన అడగలేదు. అడిగితే మార్చేస్తుందేమోనని భయం.

ఒక మాఘమాసం పొద్దున ఘాటు ఎక్కుతుండగా ఆమె అడిగింది. "సాబ్, గా చెట్టుకు ఆకు ఒక్కటి లేదు, గంత పెద్ద పసుపు పూలున్నయి. ఏంది గది?"

"కొండగోగు."

"మరి గా ఎర్రది?"

"మోదుగ. గది గూడ తెల్వదా?"

"తెల్వకనే గదా అడిగిన. తెల్సినోళ్లు జర చెప్పాలె."

అలా మొదలైంది. నడిచే బస్సులోంచి పూలు చూడటం అందరికీ చేతకాదు. కనురెప్ప పాటులో చెట్టు వెనక్కి పోతుంది. వాళ్లు పని పంచుకున్నారు. ముందు తలుపు దగ్గర నిలబడే నాగరాణికి ఎడమ పక్క. స్టీరింగ్ దగ్గరి మల్లేశ్వర్‌కు కుడి పక్క. కనబడిన పువ్వును కిలోమీటరు రాయి నంబరుతో సహా చెప్పాలి. ఆమె చిన్న నోట్‌బుక్‌లో రాసేది. పన్నెండో రాయి, ఎడమ, తంగేడు మొదటి పూత. పంతొమ్మిదో రాయి, కుడి, అడవి నాభి, కంచె మీద. తిరుగు ట్రిప్పులో ఆయన చూసినది ఆమె సరిచూసేది, ఆమె చూసినది ఆయన సరిచూసేవాడు. పెద్దేముల్ దాటాక ఇద్దరికీ వాదన. "గది గునుగు గాదు సాబ్, కండ్లద్దాలు తుడుసుకోన్రి." ప్రయాణికులు పందేలు కట్టేవారు. డిపోలో ఆ బస్సుకు పూలబండి అని పేరు పడింది.

బస్సులోంచి తేలనివి గుట్ట మీద తేల్చుకునేవారు. మధ్యాహ్నం ట్రిప్పు గుట్ట మీది దాకా పోయి ముప్పై ఐదు నిమిషాలు ఆగుతుంది. మిగతా వాళ్లు చాయ్ తాగే ఆ ముప్పై ఐదు నిమిషాలూ వీళ్లిద్దరూ అడవి అంచున తిరిగేవారు. విష్ణుక్రాంతకు ఎన్ని రేకులో వంగి లెక్కపెట్టేవారు.

ఒంటాకు అక్కడే దొరికింది. మూడేళ్ల కిందట, శ్రావణంలో. ఏనుగుబండ నీడలో తడి మన్నుకు అతుక్కుని ఒకే ఒక ఆకు. అరచేయంత ఉంది. గుండ్రంగా, చీర కుచ్చిళ్లలాగా మడతలు. తిప్పి చూస్తే అడుగున ఊదా. కాండం లేదు, రెండో ఆకు లేదు.

"ఒంటాకంటం మేము" అన్నాడు అటుగా వచ్చిన బీరప్ప.

"పువ్వు ఎట్లుంటది తాతా?" నాగరాణి అడిగింది.

"దానికి పువ్వు రాదు బిడ్డా. అది గొడ్డుది. మా నాయన కాలంనించి ఎరుకే."

ఆ గొడ్డుది అన్న మాట నాగరాణికి నచ్చలేదు. ఆకు ఫోటో తీసి మర్పల్లి బడిలో సైన్సు చెప్పే విజయ్‌కుమార్ సార్‌కు చూపించింది. ఆయన కళ్లద్దాలు పైకెత్తి, దించి, చివరికి తేల్చేశాడు. "ఉత్త ఆకును చూసి పేరు చెప్పుడు నాతోని గాదమ్మా. పువ్వు పట్టుకరా, చెప్త."

ఇక ఆమెకు పట్టుదల వచ్చింది. ఆకు చుట్టూ నాలుగు నాపరాతి ముక్కలు పాతింది. శ్రావణం నుంచి కార్తీకం దాకా, ఆకు ఎండి మట్టిలో కలిసే దాకా, ప్రతి ట్రిప్పులో మోకాళ్ల మీద కూర్చుని చూసేది. మొగ్గ లేదు. మరుసటి ఏడూ అంతే. ఆ మరుసటి ఏడూ అంతే.

కిందటేడు భాద్రపదంలో ఆమెకు సంగారెడ్డి డిపోకు బదిలీ అయింది. తనే అడిగి వేయించుకుంది. కూతురు పూజితకు అక్కడి నర్సింగ్ కాలేజీలో సీటొచ్చింది, ఒంటరిగా హాస్టల్లో ఉంచడం ఇష్టం లేదు. చివరి ట్రిప్పు దిగాక వికారాబాద్ బస్టాండులో బ్యాగు భుజానికి తగిలించుకుంటూ అంది.

"సాబ్, ఒంటాకు పూస్తే ఫోన్ చెయ్యున్రి. ఏ డ్యూటీల ఉన్నా వస్త."

"సరే" అన్నాడు మల్లేశ్వర్.

అంతే. పది నెలలు.

ఆమె నంబరు ఆయన దగ్గర ఉంది. పది నెలల్లో కనీసం పాతికసార్లు దాన్ని తెరిచాడు. తెరిచి ఏం చెప్పాలి? తిన్నవా అని అడగాలా? వయసు యాభై ఏడు. భార్య పోయి ఎనిమిదేళ్లు. బిడ్డను మర్పల్లిలో ఇచ్చాడు, ఇద్దరు మనవలు. అలాంటి మనిషి భర్త లేని ఆడమనిషికి ఏ పనీ లేకుండా ఫోన్ చేస్తే డిపో ఊరుకుంటుందా? డిపో సంగతి తర్వాత, ఆమె ఏమనుకుంటుంది? పువ్వు పూస్తే మాత్రం పని ఉన్నట్టే. ఆమే చెప్పింది గనక.

అందుకని ఆయన కార్తీకం దాకా ఒంటరిగా ఆకు దగ్గర కూర్చున్నాడు. అది ఆయన కళ్ల ముందే ఎండిపోయింది.

*

మంగళవారం ఆయనకు ఆఫ్. మొదటి బస్సుకు గుట్ట ఎక్కాడు. బీరప్ప మందను దూరంగా ఆపి ఏనుగుబండ కింద చుట్ట ముట్టించుకుంటున్నాడు.

"అగో, నీ మొండిపువ్వు" అని చుట్టతో చూపించాడు. "నిన్న పిల్ల తెంపింది ఒకటి. ఇంకోటున్నది."

మల్లేశ్వర్ కదల్లేదు. నాలుగు నాపరాతి ముక్కలు. వాటి నడుమ జానెడు కాడ నిట్టనిలువుగా నిలబడి ఉంది. చుట్టూ ఆకన్నది లేదు. కాడ చివర రెండు పువ్వులు తలలు వంచుకుని ఉన్నాయి.

ఆయన మోకాళ్ల మీద కూలబడ్డాడు. వేలితో కాడ పక్కన మన్ను కొద్దిగా తీశాడు. బఠాణీ గింజంత తెల్ల దుంప కనిపించింది. దాని పక్కనుంచే వడ్లగింజంత మొలక. చుట్ట చుట్టుకుని ఉంది. మీద సన్నటి మడతలు.

"బీరప్పా, ఇటు రా. గిదేంది?"

బీరప్ప వంగి చూశాడు. చూసి చుట్ట తీసి పక్కన పెట్టాడు. "ఒంటాకు గదా!"

"మొండిపువ్వుదే ఒంటాకు. రెండు గాదు. ఒక్కటే మొక్క. ముందుగాల పువ్వు వస్తది. పువ్వు పోయినంక ఆకు."

"ఏ, గట్ల ఎట్లయితది! అది వేరు, ఇది వేరు." మళ్లీ వంగాడు. దుంపను చూశాడు, కాడను చూశాడు, మొలకను చూశాడు. తల గోక్కున్నాడు. "డెబ్బై ఏండ్ల సంది రెండనుకున్న గదరా మల్లేశా. దాన్ని గొడ్డుదంటి. పాపం తగుల్తదేమో."

మల్లేశ్వర్‌కు తన తప్పు కూడా అప్పుడే తెలిసింది. చైత్రం నుంచి జ్యేష్ఠం దాకా వాళ్లిద్దరి బండి ఎప్పుడూ పెళ్లి స్పెషల్ మీదే. యాలాల పెళ్లివాళ్లను కొడంగల్ చేర్చడం, కొడంగల్ వాళ్లను పరిగి చేర్చడం. గుట్ట రూటుకు తిరిగి వచ్చేసరికి వానలు ముదిరేవి. మూడేళ్లూ పువ్వు రాలిపోయాక వచ్చి, ఆకు ముందు కూర్చుని పువ్వు కోసం ఎదురుచూశారు. ఈసారి ఆమె వెళ్లిపోవడంతో జంట విడిపోయింది. శ్రీహరితో కలిపి ఆయన్ను ఎండాకాలమంతా ఇదే రూటులో వేశారు. ఆమె ఉండి ఉంటే ఈ పువ్వు కనబడేది కాదు.

"ఎన్ని దినాలుంటది?"

"రేపటిదాక ఉంటది. ఎల్లుండికి వడలిపోతది. మందను ఇటు రానియ్య, ఫికర్ చెయ్యకు."

బీరప్ప మందను తోలుకుని వెళ్లిపోయాడు. మల్లేశ్వర్ ఫోన్ తీశాడు. ఫోటో తీశాడు. నంబరు తెరిచాడు. వేలు పచ్చ గుర్తు మీద పెట్టబోయాడు.

పెట్టలేదు.

ఫోన్ చేస్తే ఆమె వస్తుంది. అందులో అనుమానం లేదు. వచ్చి చూస్తుంది, సంతోషపడుతుంది. విజయ్‌కుమార్ సార్ పేరు చెబుతాడు. సాయంత్రం బస్సుకు వెళ్లిపోతుంది. ఆ తర్వాత? పది నెలలుగా ఆయన చేతిలో ఉన్నది ఆ ఒక్క కారణమే. దాన్ని ఇవాళ ఖర్చుపెట్టేస్తే రేపటి నుంచి ఏ మొహం పెట్టుకుని పిలుస్తాడు? పిలవకపోతే వచ్చే జూన్ దాకా ఆ కారణం అలాగే ఉంటుంది.

రేపు చేద్దాంలే అనుకున్నాడు. ఆమెకు ఇవాళ డ్యూటీ ఉండి ఉంటుందని సర్దిచెప్పుకున్నాడు. ఎండెక్కే దాకా పువ్వు ముందే కూర్చుని, ఫోన్ జేబులో పెట్టుకుని గుట్ట దిగాడు.

బుధవారం నాలుగు ట్రిప్పులు. మూడో మలుపు వచ్చిన ప్రతిసారీ కాలు తనంతట తనే బ్రేకు మీదికి పోయింది. మధ్యాహ్నం జోరున వాన. వైపర్ అటూ ఇటూ కొట్టుకుంటుంటే ఆయనకు వంగిన ఆ రెండు తలలే కనబడ్డాయి. మూడేళ్లు మోకాళ్ల మీద కూర్చున్న మనిషి సంగారెడ్డిలో టికెట్లు కొడుతోంది. ఆమె చూడవలసినది ఇక్కడ వానలో తడుస్తోంది. దాచిపెట్టడానికి తనెవరు?

సాయంత్రం బస్టాండులో బండి పెట్టి, శ్రీహరి దిగే దాకా కూడా ఆగకుండా ఫోన్ చేశాడు.

"సాబ్!" ఒక్క రింగుకే ఎత్తింది. వెనక ఇంజన్ మోత. "అంత మంచిదేనా? ఎవలకన్న ఏమన్న అయిందా?"

"ఏం గాలే. పూసింది."

"ఏంది?"

"ఒంటాకు."

అటు పక్క బస్సులో ఎవరో చిల్లర అడుగుతున్నారు. "ఆగవమ్మా జర, ఇస్తగా!" అంది ఎవరితోనో. తర్వాత గొంతు దగ్గరికి వచ్చింది. "పొద్దుగాల మొదటి బస్సుకు వస్త. లీవ్ పెడ్త. మీరు దాని కాడనే ఉండున్రి సాబ్."

*

గురువారం ఆయన లీవ్ పెట్టి బస్టాండుకు గంట ముందే వచ్చాడు. సంగారెడ్డి బస్సులోంచి ఆమె దిగింది. చెంపల దగ్గర జుట్టు నెరిసింది. కళ్లద్దాలు కొత్తవి.

"మీకు చెప్పి చెప్పి నాకే వచ్చినయి" అని వాటిని సర్దుకుంది. గుట్ట మీద బస్సు దిగింది మొదలు మాటల వరద. పూజిత ఇంజక్షన్ ఇవ్వడం నేర్చుకుందట. సంగారెడ్డి రోడ్డు మీద అన్నీ దుకాణాలే, పువ్వన్నది లేదట. నడుస్తూనే దారి పక్క నేలవేమును గుర్తుపట్టింది, రెల్లులో దాక్కున్న ఒక నీలం పువ్వును గుర్తుపట్టింది. మల్లేశ్వర్ ఊఁ కొడుతున్నాడు.

ఏనుగుబండ దగ్గర ఆమె మాట ఆగిపోయింది.

కాడ నిలబడే ఉంది. పువ్వులు రెండూ తడిసిన కాగితంలా కాడకు అంటుకుపోయి గోధుమరంగు తిరిగాయి.

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది.

"ఎన్నడు పూసింది సాబ్?"

నిన్ననే అంటే సరిపోయేది. రాత్రి వానకు పోయిందంటే నమ్మేది. అబద్ధం నాలుక చివరి దాకా వచ్చింది.

"మంగళారం చూసిన" అన్నాడు.

ఆమె తల ఎత్తింది. "మంగళారం చూసి బుధారం పొద్దుమీకినంక చెప్పిన్రా?"

"అవును."

"మూడేండ్లు సాబ్! మోకాళ్లు కాయలు గాసినయి నాకు. డ్యూటీ ఉండెనా? ఫోన్ల పైసల్లేకుండెనా?"

"అన్నీ ఉండె."

"మరి?"

మల్లేశ్వర్ ఆమె వైపు చూడలేకపోయాడు. బండతో చెబుతున్నట్టు చెప్పాడు. "నువ్వు చూసిపోయినంక, మళ్ల నిన్ను పిలిచేటందుకు నా తాన ఏముంటది నాగరాణమ్మా?"

అడవిలో ఎక్కడో బీరప్ప మంద గంటలు వినిపించాయి. నాగరాణి కొంగుతో అద్దాలు తుడుచుకుంది. తిరిగి పెట్టుకుని, వడలిన పువ్వును వేలి కొసతో మెల్లగా విప్పింది. లోపల ఒక మూల ఊదా రంగు ఇంకా కొద్దిగా మిగిలి ఉంది.

ఆయన ఫోన్ తీసి ముందుకు చాపాడు. "ఫోటో ఉన్నది."

"ఫోటో వద్దు. మీరు చెప్పున్రి. ఎట్లుండె?"

ఆయన చెప్పాడు. ముందు పువ్వు, అది పోయాకే ఆకు అని చెప్పాడు. కాడ ఎంత పొడుగో చెప్పాడు. రేకులు అయిదు, సన్నటివి, పక్కలకు విప్పుకుని ఉన్నాయని చెప్పాడు. నాలుక అంచున గులాబీ, నడుమ ఊదా, గొంతులో తెలుపు. మంగళవారం ఎండెక్కే దాకా దాని ముందే కూర్చున్నానన్నాడు.

"వాసన?"

"చూడలే."

"గంటలు గంటలు దాని ముందట కూసొని ఏం చేసిన్రు మరి?"

ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. "మళ్ల చెప్పున్రి. మొదట్నించి." ఆయన మళ్లీ చెప్పాడు. ఆమె కళ్లు మూసుకుని విన్నది.

మధ్యాహ్నం ఒంటిగంటకు సంగారెడ్డి బస్సు. దారి పొడుగునా ఆమె ఒక్క పువ్వునూ చూపించలేదు. ఆయనకు అడిగే ధైర్యం లేదు. కోపమా, కాదా? ముప్పై ఏళ్లు రోడ్డు చూసి ముందు ఏముందో చెప్పగలిగిన మనిషికి పక్కన నడుస్తున్న మొహం అంతుచిక్కలేదు. బస్టాండులో ఆమె మెట్టు ఎక్కి, కడ్డీ పట్టుకుని వెనక్కి తిరిగింది.

"మంగళారం నాకు గూడ ఆఫ్. వస్త."

"ఆకు వచ్చేటందుకు ఇంకో నెల పడ్తది నాగరాణమ్మా. మంగళారం వస్తె ఆడ ఏం ఉండదు. ఉత్త మన్ను."

"నేను ఆకు సంగతి అడిగిన్నా సాబ్?"

కండక్టర్ రైట్ అన్నాడు. బస్సు గేటు దాటి సంగారెడ్డి రోడ్డు వైపు తిరిగి కనబడకుండా పోయింది. సన్నటి జల్లు మొదలైంది. జనం షెడ్డు కిందికి పరుగెత్తారు. మల్లేశ్వర్ అక్కడే తడుస్తూ నిలబడి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. శుక్రవారం, శనివారం, ఆదివారం, సోమవారం. పది నెలలు ఓపిక పట్టిన మనిషికి ఆ నాలుగు రోజులు ఎలా గడపాలో తోచలేదు.